ముఖం మీది బోర్డు

మా బాపుకు పేకాటంటే ప్రాణం. పేకాటకే మా బాపంటే పడదు.

మేడ్చల్ డిపోలో ఆయన బస్సు కండక్టర్. ఆదివారం డ్యూటీ పడకపోతే స్టేషన్ రోడ్డులో మూతపడిన సైకిల్ షాపు అరుగు మీద రమ్మీకి కూర్చునేవాడు. వెళ్లేటప్పుడు జేబు నిండా చింతగింజలు, వచ్చేటప్పుడు ఖాళీ జేబు. వారమంతా పరాయివాళ్ల పైసలు ముట్టుకున్న చేతులకు ఆదివారమైనా సెలవియ్యాలని ఆయన పట్టుదల. అందుకని పందెం ఎప్పుడూ గింజలే. దానివల్ల మా ఇల్లు గుల్ల కాలేదు కానీ, చింతపండు గింజ తీసి తీసి అమ్మ వేళ్లు మాత్రం నల్లబడ్డాయి.

ఆయన ఓటమికి కారణం దురదృష్టం కాదు, కుడి కనుబొమ్మ. మంచి పత్తా, అంటే పేకముక్క, చేతికి రావడం ఆలస్యం, అది టక్కున పైకి లేచేది. జోకర్ వస్తే నుదుటి దాకా పోయేది. ఎదుటివాళ్లు వెంటనే పత్తాలు కింద పడేసి, ఆటలోంచి తప్పుకుని బీడీ ముట్టించుకునేవాళ్లు.

"బస్సు ఎటు పోతదో బోర్డు మీద రాసుంటది, గీయన చేతిల ఏమున్నదో మొకం మీద రాసుంటది" అని స్నేహితులు ఆయనకు 'బోర్డు' అని పేరే పెట్టేశారు. ఆ స్నేహితుల్లో ఇద్దరి గురించి చెప్పి తీరాలి.

ఒకాయన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. మేం కాక అనేవాళ్లం. పత్తా ఎత్తే ముందు దాని మీద ఉఫ్ మని ఊదేవాడు. వేసే ముందు ఎంతసేపో ఆలోచించేవాడు. జల్దీ చెయ్యమంటే "ఆగరాదుండ్రి, గాలం కదలనియ్యిండ్రి" అనేవాడు. ఆయన వంతు వచ్చిందంటే మిగతావాళ్లు చాయ్ తాగి వచ్చేవాళ్లు.

రెండో ఆయన అలియాబాద్ రైతు. అమ్మకు వరసకు అన్న, నాకు మామ. రింగు రోడ్డు వస్తుందన్న పుకారు పుట్టిన నాటి నుంచి నాగలి విడిచి ప్లాట్ల బేరాలకు దిగాడు. ఆ మాట తీరు పేకాటలోకీ వచ్చేసింది. చేతిలో ఒక్క పత్తా ఇంకోదానికి అతకకపోయినా "ఇప్పుడు గిట్ల అవుపడతాంది గని, దీనికి మస్తు ఫ్యూచర్ ఉన్నది" అనేవాడు. ఓడిపోతే బాపు భుజం మీద చెయ్యేసి "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అనేవాడు. గెలిచినా అదే అనేవాడు.

ఇలా హాయిగా ఓడిపోతున్న మనిషి ఒకనాడు పొద్దున పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తే, ఆ నీళ్లు మూతికి ఒక పక్కనుంచి కారిపోయాయి. కుడి కన్ను మూతపడలేదు. కుడి చెంప జారిపోయింది. అద్దంలో చూసుకుని మా బాపు తువ్వాల తీసి ముఖానికి చుట్టుకున్నాడు.

ముఖం నరం వాచింది, ప్రాణానికేం భయం లేదు, మెల్లగా తగ్గొచ్చు అన్నాడు డాక్టరు. రోజూ అద్దం ముందు కూర్చుని కనుబొమ్మ లేపాలి, బుగ్గలు పూరించాలి, ఈ అని పళ్లు చూపాలి అన్నాడు. పక్కింటావిడ పావురం రక్తం రాయమంది. అమ్మ ఆవిణ్ణి పావురాన్ని ఎగరేసినట్టే ఎగరేసింది.

మందులు వేసుకున్నాడు, అద్దం ముందు కూర్చున్నాడు కానీ మనుషుల్లోకి రావడం మానేశాడు. నిండు బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తోసుకుంటూ అందరినీ పలకరించిన మనిషి, వాకిట్లోకి పాలవాడు వస్తే లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. "టికెట్ ఇచ్చేటోని మొకం జూసి పిల్లలు జడుసుకుంటే ఎట్ల బిడ్డా" అన్నాడు నాతో ఒకసారి. అప్పటికి నేను మేడ్చల్లోనే ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. మా క్లాసుకు ఒకసారి రా బాపూ, జడుసుకునేది నువ్వే అన్నాను. ఆయన తువ్వాల ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊళ్లోకి పోకర్ దిగింది. తెచ్చినవాడు మా మేనత్త కొడుకు. సికింద్రాబాద్‌లో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని. అక్కడ పిల్లలంతా కంప్యూటర్లో ఇదే ఆట ఆడుతున్నారట, కేబుల్ టీవీలో క్రికెట్ లేని వేళల్లో ఇదే చూపిస్తున్నారట. ఒక ఆదివారం మధ్యాహ్నం కాకనూ అలియాబాద్ మామనూ వెంటబెట్టుకుని మా వాకిట్లోనే చాప పరిచాడు. బాపును బయటికి రప్పించాలని ముగ్గురూ కూడబలుక్కున్నారని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకు తెలియదు.

"చేతిల రెండే పత్తాలు మామా. మధ్యల ఐదు తెరిచి పెడ్తరు, గవి అందరివి" అని బావ మొదలుపెట్టాడు. ముందు మూడు తెరిచాడు. తెరవగానే అలియాబాద్ మామ అందులోంచి ఇస్పేటు రాణిని లటుక్కున ఎత్తుకుని, తన చేతిలోని నాలుగును కింద పడేశాడు.

"అరే, ఎత్తుకోవద్దు మామా! గది అందరిది!"

"అందరిదైతే నాది గాదా? ముందుగాల జూసినోడిదే ప్లాటు."

జీవితమంతా రమ్మీ ఆడిన చెయ్యి కదా, తెరిచిన పత్తా కనపడితే ఆగదు. తర్వాతి ఆటలో కాక కూడా అదే పని చేశాడు, కాకపోతే ఊది మరీ ఎత్తుకున్నాడు. లోపలి అర్రలో మంచం కిర్రుమంది. తప్పాట వింటూ పడుకోవడం బాపుకు ఎంత నరకమో నాకు తెలుసు.

అప్పుడు బావ, గింజలు వెయ్యకుండా తన వంతు దాటించడానికి, టీవీలో వాళ్లలాగా చాప మీద వేళ్లతో కొట్టి "చెక్!" అన్నాడు.

తలుపు ఫెడేల్మని తెరుచుకుంది. తువ్వాల ముఖానికి అడ్డంగా పట్టుకుని, రెండో చెయ్యి చంకన లేని టికెట్ సంచిని తడుముకుంటూ బాపు గడపలో నిలబడ్డాడు. "ఏడ? ఏడెక్కిండ్రు చెకింగోళ్లు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కాక చాప మీద పడి దొర్లాడు. నేను కడుపు పట్టుకున్నాను. బాపు సిగ్గుపడి వెనక్కి తిరగబోతుంటే, బావ నవ్వు ఆపుకుని ఒక మాట అన్నాడు.

"మామా, గీ ఆట ఆడేటోళ్లు మొకం కదలకుండ ఉండాల్నని నల్లద్దాలు పెట్టుకుంటరు, ఏండ్లకేండ్లు నేర్చుకుంటరు. నీకు ఊకెనే వచ్చింది. మా అందరి గింజలు నీయే పో."

చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. బావ చెంప మీద నాలుగు వాయిద్దామా అన్నంత కోపం వచ్చింది నాకు. బాపు వాడి వైపు తిరిగాడు. తర్వాత తువ్వాల తీసి భుజాన వేసుకుని చాప మీద కూర్చున్నాడు. "పంచురా," అన్నాడు, "గింజలు తే బిడ్డా." ఆ గింజలు తేవడానికి వంటింట్లోకి పోయి నేను ఏడ్చాను. పోపు ఘాటని చెప్పుకున్నాను కానీ పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ పూటే బాపు మొదటి షరతు పెట్టాడు. చెక్ అనే మాట మా ఇంట్లో వినపడకూడదు, ఆయన గుండె ఆగుతుంది. దాని బదులు 'రైట్ రైట్' అనాలి. అక్కణ్ణుంచి పోకర్ మొత్తం బస్సెక్కింది. ఎదుటివాడు వేసినన్ని గింజలు వేస్తే 'టికెట్ తీసుకున్న'. పత్తాలు పడేస్తే 'దిగుతున్న'. ఉన్నవన్నీ ఒక్కసారే నెట్టేస్తే 'లాస్ట్ బస్సు'. కాక ఆలోచనలో పడితే 'హోల్డాన్'. బావ నేర్పిన ఇంగ్లీషు మాటలు రెండు వారాల్లో ఒక్కటీ మిగల్లేదు.

బావ ఒక సంగతి మాత్రం కష్టపడి వివరించాడు. "చేతిల ఏం లేకున్నా ఉన్నట్టు జేసుడు ఉంటది మామా. గది ఈ ఆటల పెద్ద విద్య."

"గదా? గది మా దందా" అన్నాడు అలియాబాద్ మామ. టీవీలో చూసి మరుసటి వారం నల్లద్దాలు పెట్టుకుని, మండు వేసవిలో జర్కిన్ తొడుక్కుని వచ్చాడు. అద్దాల్లో ఆయన పత్తాలు కాకకు స్పష్టంగా కనపడ్డాయి. కాక ఆ మాట వేసవి మొత్తం ఎవరికీ చెప్పలేదు.

బాపు గెలుస్తూనే ఉన్నాడు. మంచి పత్తా వచ్చినా చెత్త పత్తా వచ్చినా అదే జారిన చెంప, అదే రెప్పవెయ్యని కన్ను. ఎడమ పక్కన ఏమన్నా కదిలితే చాయ్ గ్లాసు అడ్డం పెట్టేవాడు. చింతగింజల డబ్బా నిండి బకెట్టు దాకా వచ్చింది. ముఖం కదలని కండక్టర్ ఆట చూద్దామని లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కూడా మనుషులొచ్చి మా ప్రహరీ గోడ మీద కూర్చునేవాళ్లు.

ఒక శనివారం మధ్యాహ్నం బావ మమ్మల్ని శామీర్‌పేట దాటాక ఒక ఫామ్‌హౌస్‌కు తీసుకుపోయాడు. వాడి ఆఫీసు పిల్లలు అక్కడ పోకర్ ఆడుతున్నారు. క్యారంబోర్డు కాయిన్లలాంటి రంగురంగుల బిళ్లలు. ఒకడు చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు, ఒకడు టోపీ తిరగేసుకున్నాడు, ఒకమ్మాయి బిళ్లను వేళ్ల మధ్య చకచకా తిప్పుతోంది. బాపు జేబులోంచి గింజలు తీసి బల్ల మీద పోశాడు. నవ్వారు. సాయంత్రమయ్యేసరికి చెవుల్లో పాటలవాడు వాటిని తీసేశాడు, టోపీవాడు టోపీ సరిగ్గా పెట్టుకున్నాడు.

"అంకుల్, ఎన్నేళ్లు ప్రాక్టీస్ చేసిండ్రు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఒక్క రాత్రిల వచ్చిందమ్మా" అన్నాడు బాపు.

ఇంటికొచ్చే బస్సులో ఆయన తువ్వాల ముఖాన కప్పుకోలేదు. నేను పొంగిపోయాను. పొంగడం తొందరపాటని వారం తిరగకుండానే తెలిసింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చోవడం మానేశాడు. డిపోలో, మళ్లీ బస్సెక్కుతావా, లోపలే కూర్చునే పనియ్యమంటావా అని అడిగితే, లోపలి పనే ఇవ్వమన్నాడట.

అమ్మకు కోపం వస్తే గొంతు పెంచదు, గిన్నెల మోత పెంచుతుంది. ఆరోజు గిన్నెల మోతా పెంచలేదు, నేరుగా వచ్చి అద్దం ఆయన ఒళ్లో పెట్టింది. "చింతగింజలకు మొకం అమ్ముకుంటవా?"

"గీ మొకం వచ్చినంకనే గద నేను గెలుస్తున్న. ఉండనీ."

"నువ్వు గెలిస్తే నాకేమొస్తది? నువ్వు సంబురపడ్డవో, నారాజైనవో తెల్వక చస్తున్న నేను. చెరువుగట్టు మీది బండరాయికి అన్నం పెట్టినట్టున్నది."

మర్నాడు పొద్దున బాపు అద్దం ముందు కనపడ్డాడు. ఆ, ఈ, ఊ అని మూతి సాగదీస్తూ, తన మీద తనకే చిరాకు పడుతూ. కనుబొమ్మ కదల్లేదు. వానలు పడ్డాయి, బతుకమ్మ పోయింది, కన్ను మూతపడటం వచ్చింది, నీళ్లు కారడం తగ్గింది. కనుబొమ్మ మాత్రం మొండికేసింది. ఇక అంతేనేమో అని నేను మనసులో అనుకున్నాను, పైకి అనే ధైర్యం లేక.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం. ఎప్పటిలాగే చాప, ఎప్పటిలాగే నలుగురు. బావ పంచాడు. మధ్యలో మూడు తెరిచాడు: ఆఠీను రాజు, ఏడు, రెండు.

బాపు కుడి కనుబొమ్మ టక్కున పైకి లేచింది.

ఆయనకు తెలియదు. ఆయన పాటికి ఆయన, ముఖం కదలని మనిషిననే ధీమాతో పత్తాలు ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాడు. కాక ఊదబోయిన ఊపిరి నోట్లోనే ఉండిపోయింది. అలియాబాద్ మామ నల్లద్దాలు తీసేసి చూశాడు. ఎవరూ ఎవరి ముఖం చూసుకోలేదు.

"దిగుతున్న" అన్నాడు కాక, జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా.

"నేను గూడ దిగుతున్న" అన్నాడు మామ. ఫ్యూచర్ గురించి ఒక్క మాట అనలేదు.

"దిగుతున్న మామా" అన్నాడు బావ.

బాపుకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని రెండు రాజులనూ చాప మీద విసిరికొట్టాడు. "అరే! మూడు రాజులు నాకాడ! ఒక్కడు టికెట్ తీసుకోడు! బస్సు కదలకముందే అందరు దిగుడేందిర? ఏమైందిర మీకు?"

కాక తన వేలెత్తి తన కనుబొమ్మ మీద పెట్టుకున్నాడు, అంతే. బాపు కాసేపు ఆ వేలినే చూశాడు. తర్వాత ఆయన చెయ్యి మెల్లగా పైకి పోయి కుడి కనుబొమ్మను తడిమింది. అది ఇంకా పైనే ఉంది.

అమ్మ అప్పటికే గడపలో ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు. పేకాటను పెళ్లినాటి నుంచి తిట్టిపోసిన మనిషి వచ్చి చాప పక్కన కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, గింజల బకెట్టును కాక వైపు నెట్టింది.

"ఇగ అన్ని ఓడిపో," అంది బాపుతో. "ఒక్కటి గూడ ఉంచుకోకు."