చిన్నమ్మ కోసం వేసిన కుర్చీ

నా చిన్నప్పుడు ఛత్రినాకలో మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది మా తాతది. పాల వ్యాపారం మాది. పొద్దున బర్రెల పని కాగానే తాత అందులో కూర్చునేవాడు. ఆయన ఎదుట కోడళ్లెవరూ కూర్చునేవాళ్లు కాదు, చెప్పులు వేసుకొని నడిచేవాళ్లు కాదు. ఆయన కోప్పడి పెట్టిన కట్టడి కాదది. అందరిళ్లలోనూ అంతే కాబట్టి ఎవరికీ వింతగా తోచేది కాదు.

మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, పెండ్లికి ముందు కాలేజీలో ఫుట్‌బాల్ ఆడేది. ఏదో సరదాకు ఆడటం కాదండోయ్, రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది! మా ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. పేడ తీసేది, పాలు పిండేది, క్యాన్లు మోసేది.

ఒక ఏడాది మా గల్లీ ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఈ సంగతి తెలిసింది. షామియానా వేసి ఆమెకు సన్మానం పెట్టారు. కాలేజీలో ఆట నేర్పిన మేడమ్‌ను కూడా పిలిచారు. అంతా బాగానే చేశారు గానీ, బస్తీ పెద్దమనిషని మా తాతను వేదిక మీద కూర్చోబెట్టి, సరిగ్గా ఆయన పక్కనే చిన్నమ్మకు కుర్చీ వేశారు.

మైకులో పేరు పిలిచారు. చిన్నమ్మ తలనిండా కొంగు కప్పుకొని, మెట్ల దగ్గరే చెప్పులు విడిచి ఎక్కింది. కుర్చీని చూసింది, తాతను చూసింది. పోయి, తాతకు కనపడకుండా వేదిక మీది బల్ల చాటున నేల మీద కూర్చుంది.

"నీకోసమే కదమ్మా ఈ కుర్చీ" అంది మేడమ్.

"పర్వాలేదు మేడమ్, గిక్కడనే మంచిగున్నది."

"అరె భాయ్, సన్మానం కుర్చీకా?" అని వెనక నుంచి ఎవరో అరిస్తే అందరూ గొల్లుమన్నారు. నా దోస్తులు కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి కూర్చుంటే ఈమెదేం పోయిందని చిన్నమ్మ మీద ఒళ్లు మండింది.

అంతలో తాత దిగ్గున లేచాడు. కర్ర అందుకొని, వేదిక దిగి షామియానా బయటికి వెళ్లిపోయాడు.

"ముసలాయనకు గుస్సా అయింది. కోడలి ముచ్చట నచ్చలే" అన్నారెవరో.

అయ్యో, ఉన్న పరువు కూడా పోయిందనుకుంటూ నేను ఆయన వెనకే పరుగెత్తాను. తాత ఇంటికి పోలేదు. షామియానా వెనక నిలబడి, గుడ్డ చిరుగులోంచి లోపలికి చూస్తున్నాడు.

"గిట్లెందుకొచ్చినవ్ తాతా? అందరు నవ్వుతున్రు!"

"నేనుంటే ఆమె కూసోదు బిడ్డా. చూడు, ఇప్పుడు కూసున్నదా?"

చిరుగు దగ్గర కన్ను పెట్టి చూశాను. చిన్నమ్మ కుర్చీలో ఉంది. భుజాల మీద శాలువా, నడుము నిటారుగా. మేడమ్ ఆమె ఆట గురించి చెబుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. చిన్నమ్మ అలా కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. ఇటు తిరిగితే తాత కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"ఇన్నేండ్లు నా ముంగట నిలవెట్టిన. ఎన్నడన్న కూసో బిడ్డా అనలే. సిగ్గైతున్నదే నాకు."

ఆయన నోట ఆ మాట వినేసరికి నాకూ తల వంగిపోయింది. అందాకా నేను సిగ్గుపడింది చిన్నమ్మను చూసి. రోజూ ఆ కుర్చీ పక్కనే ఆడుకునేదాన్ని, ఆమె నిలబడే ఉంటుందని నాకూ కనపడలేదే!

మర్నాడు తాత తన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "అయ్యో, మీరు కూసోండ్రి మామా" అని చిన్నమ్మ పాల క్యాను ఎత్తుకుంది. అప్పటినుంచి ఆమె పని ముగిసే వేళకు తాత ఏదో పని గుర్తొచ్చినట్టు కుర్చీలోంచి లేచి గల్లీలోకి వెళ్లేవాడు, తొందరగా వచ్చేవాడు కాదు.

ఇప్పుడు నాకూ కోడళ్లున్నారు. గదిలో ఎవరైనా నిలబడి కనిపిస్తే, నావల్లేనేమోనని ఇప్పటికీ సిగ్గేస్తుంది. కూర్చోమ్మా అని చెప్పి ఊరుకోను. లేచి అవతలికి పోతాను.