వెనక్కి నడిచిన ప్రసంగం

వాన వెలిశాక తడిసిన కొబ్బరి పీచు పులిసిన వాసన వేస్తుంది. ఈ సాయంత్రం కిటికీలోంచి ఆ వాసన రాగానే వరలక్ష్మి అక్కగారు గుర్తుకొచ్చారు. ఆవిడ గురించి ఎప్పుడో రాయవలసింది. సగం జీవితం గడిచేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వచ్చాక, "నా గురించి రాశావంటే ఆ కాగితాలు పొయ్యిలో పెడతాను" అని ఆవిడే ఆపేశారు. ఇప్పుడు ఆపడానికి ఆవిడ లేరు.

రాజోలు దగ్గర కాలవ గట్టున మా తాళ్ళ షెడ్డు. అక్కగారు రాట్నం తిప్పేవారు. నేను నడుముకు పీచు కట్టుకుని, దాని కొస రాట్నానికి తగిలించి, వెనక్కి నడుస్తూ తాడు పేనేదాన్ని. పేనేవాళ్ళ చూపు రాట్నం మీదే ఉండాలి. వెనక ఏముందో కనబడదు. నా వెనక ఉన్నది కాలవ. ఆవిడ "ఆగు" అన్నచోట ఆగడమే నాకు తెలుసు. ఒకసారి బోర్డు చదవలేక వేరే బస్సెక్కి, ఎక్కడో దిగి, ఏడుస్తూ ఇల్లు చేరాను. మర్నాడు షెడ్డుకు వెళ్ళేసరికి నేను నడిచే దారి పొడుగునా ఇసుకలో పుల్లతో గీసిన అక్షరాలున్నాయి. వెనక్కి అడుగు వేసినప్పుడల్లా నా కాళ్ళ ముందు ఒక అక్షరం బయటపడేది.

"ఏం కనబడిందే మంగా?" అని అక్కడినుంచి కేక.

"గుండ్రంగా ఉందండీ, పైన తలకట్టుంది!"

"దాని అందం ఎవరడిగేరు? పేరు చెప్పు. కాలవ అవతలికి వినపడాలి!"

నాకు చదువు అలా వచ్చింది. ప్రతి షెడ్డులోనూ ఇలాగే నేర్పాలని అక్కగారి పట్టుదల. అమలాపురంలో పీచు పనిచేసే ఆడవాళ్ళ సదస్సు పెట్టి, ప్రధాన ప్రసంగానికి ఆవిడను పిలిచారు. ఇంతలో ఆవిడ గొంతుకు ఆపరేషనైంది. మాట పోయింది. ఇప్పుడెలాగని అడగడానికి వచ్చినవాళ్ళకు, 'మంగ మాట్లాడుతుంది' అని పలక మీద రాసి చూపించారు.

"నావల్ల కాదండీ," అన్నాను.

పలక తుడిచి మళ్ళీ రాశారు. 'పోయింది నా గొంతు కదా. నీకేమైంది?'

ఒప్పుకున్నాను. కానీ భయం అక్కడే మొదలైంది. నేను తడబడితే, ఆవిడ చదువు మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది?

ఆ రోజు హాలు నిండిపోయింది. నిర్వాహకుడొకాయన నా చేతిలో అచ్చు కాగితం పెట్టి, "ఇది చదివేయండమ్మా, చాలు," అన్నారు. మొదటి వాక్యంలోనే నేనెన్నడూ విననంత పొడుగు మాట ఒకటి అడ్డం వచ్చింది. కూడబలుక్కున్నాను. ఆగిపోయాను. మైకులో నా ఊపిరి నాకే వినపడుతోంది. "భోజనాలెప్పుడో!" అని ఎవరో గొణిగితే నవ్వులు లేచాయి. ముందు వరుసలో అక్కగారు నవ్వలేదు. కుడిచెయ్యి ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పారు. రాట్నం తిరుగుతోంది, నువ్వు నడు అని.

కాగితం మడిచేశాను.

"మీలో పేనేవాళ్ళందరూ వెనక్కే కదండీ నడుస్తారు? నేను చదువులోకి కూడా అలాగే నడిచేనండి," అన్నాను.

హాలు సద్దుమణిగింది. ఇసుక గురించి, పుల్ల గురించి, తప్పు బస్సు గురించి చెప్పుకుంటూ పోయాను. ఎందుకు నవ్వుతున్నారో మొదట తెలియలేదు. ఆవిడ చేతినే చూస్తూ, అలవాటు కొద్దీ ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తున్నాను. మైకు దూరమైపోయింది. గొంతు మాత్రం దానంతటదే పెరిగింది.

"అమ్మోయ్, వెనకాల మెట్లు!" అని ఒకావిడ కేక పెట్టింది.

ఆ కేకకు ముందే అక్కగారి అరచెయ్యి నిలువుగా లేచింది. ఆగు. ఆగిపోయాను. మడమ కింద వేదిక అంచు తగిలింది. అక్కడే నిలబడి, మైకు లేకుండానే మిగిలినదంతా చెప్పాను. చివరి వరుసలోంచి "ఆయ్, వినపడుతోందండీ!" అన్నారు.

ఇప్పటికీ నలుగురిలో నోరు విప్పాలంటే ముందుగా ఆ చెయ్యి కోసం వెతుకుతాను.

సదస్సు మర్నాడు తెల్లవారగానే షెడ్డుకు వెళ్ళి, దారి తుడిచి, ఈ కొసనుంచి ఆ కొసకు అక్షరాలు రాశాను. మెట్లున్నాయని కేక పెట్టింది పక్క షెడ్డు సత్యవతే. ఆవిడ అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"నాక్కూడా వస్తాయంటారా అండీ?"

"ముందు నడుముకు పీచు కట్టుకోండి."

అక్కగారు రాట్నం దగ్గరనుంచి లేచి, నా భుజం నొక్కి తన పీట మీద కూర్చోబెట్టారు. తిప్పడం మొదలుపెట్టాను. సత్యవతి ఒక అడుగు వెనక్కి వేసింది.

కాలవ అవతలికి వినపడేటట్టు అరిచాను.

"ఏం కనబడిందండీ?"