ఇటలీ పల్లవి, ఏలూరు వయొలిన్

మొన్నొక సాయంత్రం నేను పనిచేసే ల్యాబ్ నుంచి, అమెరికా పడమటి తీరాన బాతెల్‌లో ఉన్న మా ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నాను. వాన. ఫ్రీవే మీద కార్లు చీమల్లా కదులుతున్నాయి. రేడియో పెడితే నాకు కంఠతా వచ్చిన పియానో ముక్క ఒకటి మొదలైంది. వెనకటికి ఇటలీలో ఒక వయొలిన్ విద్వాంసుడు, పక్కన ఏ వాద్యమూ లేకుండా ఒంటరిగా వాయించుకోవడానికి ఒక చిన్న వరస కట్టుకున్నాడు. తర్వాతి తరంలో జర్మనీ స్వరకర్త ఒకాయన దాన్ని తెచ్చుకుని, పియానో మీద తిప్పి, మడిచి, తలకిందులు చేసి, వాయించేవాళ్ళ వేళ్ళు విరిగేలాగా వేరియేషన్లు రాశాడు. మన లెక్కలో చెప్పాలంటే ఒకే పల్లవికి బోలెడన్ని సంగతులు. రేడియోలో మొదటి వేరియేషన్ అయిపోయింది. స్టీరింగ్ మీద తాళం వేస్తున్న నా చెయ్యి పల్లవి కోసం సిద్ధమైంది. వాయించే ఆయన మాత్రం ఆగకుండా రెండోదానిలోకి వెళ్ళిపోయాడు. "అదేవిటి, పల్లవికి రాకుండా ఎలా పోతావ్?" అని పైకే అనేశాను. ఆ మాట నాది కాదు, మా అమ్మది.

డెబ్బైల చివర్లో మేము షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఇంజినీరు. అమ్మ ఏలూరులో పెళ్ళికి ముందు కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం వాయించిన మనిషి. విమానంలో వయొలిన్ పెట్టెను చంటిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. తీరా ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో మొదటిరోజు వర్ణం అందుకోగానే కింద ఇంటివాళ్ళు చీపురుకర్రతో సీలింగ్ పొడిచారు. అంతే, ఆ పెట్టె క్లాజెట్‌లో చలికోట్ల వెనక్కి వెళ్ళింది. సొంత ఇల్లు కొనుక్కున్నాక మళ్ళీ బయటికొచ్చింది కానీ, అమ్మ సాయంత్రం పప్పు పొయ్యిమీద పెట్టి అది ఉడికేదాకా వాయించుకోవడమే తప్ప, వినేవాళ్ళెవరూ లేరు. నాకు నేర్పాలని చూసింది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. స్నేహితురాళ్ళందరూ పియానో నేర్చుకుంటున్నారని నేనూ పియానోకే వెళ్ళాను. అమ్మే ఎవరో వాడిన పియానో ఒకటి కొనిపించి, తను వాయించుకునే కార్పెట్‌కి ఎదురుగా పెట్టించింది.

మా పియానో టీచర్ గట్టి మనిషి. తెల్లని జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిల్. తప్పు వాయిస్తే ఆ పెన్సిల్ మన భుజం మీద పడేది. ఊళ్ళో బాగా వాయించే పిల్లలందరూ ఆవిడ దగ్గరే ఉండేవాళ్ళు. స్టేట్ పోటీకి ఎవరు వెళ్ళాలో ఆవిడే నిర్ణయించేది, ఆ ఏడు నా వంతు వస్తుందని ఆశగా ఉన్నాను. నేను హైస్కూల్ చివరికి వస్తున్న రోజులవి, అంటే ఎనభైల మొదట్లో. లైబ్రరీలో ఒక రికార్డు తెచ్చుకుని ఈ వేరియేషన్లు విన్నాను. అన్నం తినబుద్ధి కాలేదు. ఇదే వాయిస్తానని వెళ్ళి టీచర్‌కి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మీటల మీద చాపి చూసి, మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టింది. "ఇది పెద్ద చేతులున్న మగవాళ్ళ సంగీతం, హనీ" అంది. ఇంట్లో అమ్మ సాయంతో నేర్చుకుంటానని అంటే ఆవిడకి కోపం వచ్చింది. మీ అమ్మ వాయించేది మీ దేశానికి పనికొస్తుందేమో, ఈ సంగీతంలో ఆవిడకి పనిలేదంది. స్ప్రింగ్ రిసైటల్‌లో అంటే శిష్యులందరూ వాయించే కచేరీలో తను ఇచ్చిన చిన్న ముక్క వాయిస్తే సరే, ఇది వాయించావంటే పోటీ మాట అటుంచి, ఇంకో టీచర్‌ని వెతుక్కోమంది.

నా చేతులు చిన్నవన్నందుకు నాకు అంత బాధ కలగలేదు, అవి చిన్నవే. అమ్మకి పనిలేదన్నది చూశారూ, అక్కడ మండింది. ఇప్పటికీ మండుతుంది.

ఇంటికొచ్చి రికార్డు పెట్టాను. అమ్మ గరిట పట్టుకునే వచ్చి నిలబడింది. ఇది మొదట వయొలిన్ పాట అని నేను చెప్పగానే గరిట వంటింట్లో పెట్టి, పెట్టె తెచ్చి, పియానోతో శ్రుతి కలిపింది. కార్పెట్ మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి, ఆ ఇటలీవాడి వరసని అందుకుంది. ఏలూరు గమకాలు కూడా పడ్డాయి దాని మీద. ఆదితాళం సరిపోయిందని సంతోషించింది. రాగం మాత్రం తేల్చలేకపోయింది. కీరవాణి అంటే కాదు, గౌరీమనోహరి అంటే కాదు, గోడమీద పిల్లిలా ఉందని విసుక్కుంది. ఆ రోజు పప్పు మాడింది. వాసన రెండురోజులు పోలేదు.

అలా మొదలుపెట్టాం. వేళ్ళు అందని చోటల్లా నేను చెయ్యి చాపి, నొప్పెట్టి, ఏడుపుమొహం పెట్టేదాన్ని. అమ్మ చూసి చూసి ఒకరోజు అంది: "చాపుతావెందుకే? వయొలిన్ మీద మేం చెయ్యి చాపం, జరుపుతాం. పోయి మళ్ళీ రా." అంతే. ఒకేసారి నొక్కలేని స్వరాలను కిందనుంచి పైకి జారుతూ అందుకోవడం నేర్చుకున్నాను. మణికట్టు తేలికైంది. ప్రతి వేరియేషన్ తర్వాతా నా చేతులకి విశ్రాంతిగా ఉంటుందని అమ్మ వయొలిన్ మీద అసలు వరస వాయించేది. అది ఆవిడ పెరిగిన పద్ధతి. ఎంత దూరం తిరిగినా, ఎన్ని స్వరాలు వేసినా, పల్లవి ఎత్తుకుని గానీ మరో చోటికి పోకూడదు. నేనెప్పుడైనా తొందరపడి తర్వాతిదానిలోకి దూకితే, పల్లవికి రాకుండా ఎలా పోతావని కమాను ఎత్తి ఆపేసేది. పుస్తకంలో అలా లేదన్న సంగతి నాకు తెలుసు. అమ్మ వాయిస్తుంటే గుర్తుండేది కాదు. నాన్న పేపర్ చాటునుంచి, అరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నారు, ఎవరి పాటో తెచ్చుకుని ఎందుకీ అవస్థ అనేవారు. అరువు నగ అయినా మెడని బట్టి అందం అని అమ్మ జవాబు.

రిసైటల్ ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి హాల్లో. అమ్మ వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మా కుటుంబ స్నేహితులైన డాక్టర్ అంకుల్, ఆంటీ వెనక వరసలో ఉన్నారు. అచ్చువేసిన ప్రోగ్రామ్‌లో నా పేరు ఎదురుగా టీచర్ ఇచ్చిన చిన్న ముక్కే ఉంది. నేను స్టూల్ మీద కూర్చుని, టీచర్ వైపు ఒకసారి చూసి, అసలు వరస మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు తీసేసింది. మొదటి వేరియేషన్ అయింది. ఎదురుగా కార్పెట్ లేదు, వయొలిన్ లేదు. ఇంట్లో ఆ చోటు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండేది కాదు. నా కుడిచెయ్యి నన్నడగకుండా వెళ్ళి పల్లవి వాయించేసింది.

వాయించాకే తెలిసింది ఏం చేశానో. ఇంతవరకు పొరపాటే. అక్కడ ఆపి, మిగతావి పుస్తకంలో ఉన్నట్టు వాయించి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో. అమ్మ వైపు చూశాను. పట్టుచీర మీద తాళం వేస్తోంది, మెల్లిగా కాదు, హాలంతా వినపడేట్టు. రెండోది వాయించి, పల్లవికొచ్చాను. మూడోది, పల్లవి. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా వచ్చాను. పుస్తకం చెయ్యి చాపమన్న చోట జరిపాను. నేర్చుకున్నవన్నీ అయ్యాక, మన కచేరీల పద్ధతిలో, మా ఇంట్లో అలవాటైనట్టే ముగింపుని మూడుసార్లు వాయించాను. అమెరికన్లు మొదటిసారికే చప్పట్లు కొట్టారు, నేను మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆపారు, మళ్ళీ కొట్టారు, మళ్ళీ ఆపారు. మూడోసారి వాళ్ళకి నమ్మకం కుదరక చప్పట్లు ఆలస్యమయ్యాయి. అంకుల్ ఒక్కరే సరిగ్గా సమం మీద, తాళం మొదటి దెబ్బకి, భేష్ అన్నారు.

కుకీల బల్ల దగ్గర టీచర్ మమ్మల్ని కలిసింది. నా వైపు చూడకుండా అమ్మతోనే మాట్లాడింది. ఆ స్వరకర్త రాసింది ఇది కాదు, మీ అమ్మాయి దాన్ని మార్చేసింది అంది. ఆవిడకీ ఆ సంగీతం ప్రాణమే, కాదనను. అమ్మ చేతిలోని కుకీ పళ్ళెంలో పెట్టి, తనకున్న కాస్త ఇంగ్లీషులో నిదానంగా అంది: "హి ఆల్సో టుక్ ఫ్రమ్ సంబడీ, నో?"

ఆయనా ఒకరి దగ్గర తెచ్చుకున్నవాడేగా అని. టీచర్ అన్నమాట ప్రకారం మర్నాడు ఫోన్ చేసి నన్ను మానేయమంది. స్టేట్ పోటీకి ఇంకో అమ్మాయి వెళ్ళింది. బాగా వాయించిందట. నేను కాలేజీకి వెళ్ళేదాకా నా టీచర్ అమ్మే. పియానోలో ఏ మీట ఏ స్వరమో కూడా ఆవిడకి సరిగ్గా తెలియదు. కార్పెట్ మీద కూర్చుని వినేది, తప్పు వచ్చిన చోట కమాను ఎత్తేది. ఆ పోటీకి వెళ్ళి ఉంటే పెద్ద పియానిస్టువి అయ్యేదానివేమో అని తర్వాత చాలామంది అన్నారు. అయ్యేదాన్నేమో. ల్యాబ్‌లో ఉద్యోగం చేసుకుని బతికాను. ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చినా ఆ స్టూల్ మీద కూర్చుని అదే చేస్తాను, ఈసారి మొదటి పల్లవి కూడా కావాలనే వాయిస్తాను.

అమ్మ పోయి కొన్నేళ్ళయింది. వయొలిన్ నా దగ్గరే ఉంది, నాకు వాయించడం రాదు. మొన్న ఆ ఫ్రీవే మీద రేడియో కట్టేసి, వానలో వైపర్లు కొట్టుకుంటుంటే, ఆ వేరియేషన్లు మొదటినుంచీ నేనే కూనిరాగం తీశాను, ప్రతిదాని తర్వాతా పల్లవికి వస్తూ. ముందు కార్లు కదిలినట్టున్నాయి, వెనకవాడు హారన్ కొట్టాడు. నా తాళంలో ఆవర్తనం పూర్తయ్యాకే బ్రేక్ మీదనుంచి కాలు తీశాను. కాలం ఆ టీచర్ పద్ధతిలోనే నడుస్తుంది, ఎక్కడా వెనక్కి రాదు. పల్లవికి రావలసింది మనమే, నేను వస్తూనే ఉంటాను.