సున్నా వేసిన తర్వాత

పాతబస్తీలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి సైన్సు చెబుతాను. కిందటేడు ప్రీ ఫైనల్ పరీక్షలో ఒకమ్మాయి చున్నీ అంచు మీద జవాబులు రాసుకొచ్చి కాపీ కొడుతుంటే పట్టుకున్నాను. పేపరు లాక్కుని హెడ్మాస్టరు గదికి తీసుకెళ్ళాను. చాలా కోపంగా ఉన్నాను.

కబురందగానే వాళ్ళ నాన్న ఆటో గేటు దగ్గర ఆపి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు.

"పబ్లిక్ పరీక్షకు హాల్ టికెట్ ఇయ్యను," అన్నారు హెడ్మాస్టరు. "ఒక్కదాన్ని వదిలేస్తే రేపు క్లాసంతా గిట్లనే చేస్తది."

వాళ్ళ నాన్న కూతురి మీద చెయ్యెత్తాడు. "కొట్టకు బాపూ!" అంటూ ఆ పిల్ల వచ్చి నా వెనక దాక్కుంది. పట్టించింది నేనే. దాక్కోవడానికి దొరికిందీ నేనే. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

వరండాలోకి తీసుకెళ్ళి, "ఎందుకు చేశావమ్మా?" అని అడిగాను.

"ఇంతకుముందు తెలుగు మీడియంల చదివిన మేడం. ఈడ ఇంగ్లీషుల ఏం సమజైతలేదు. అడిగితే అందరు నవ్వుతరని అడగలే."

లోపలికి వెళ్ళి, "సున్నా వేద్దాం సార్. హాల్ టికెట్ మాత్రం ఆపొద్దు. సాయంత్రాలు నేను చెబుతాను," అన్నాను. హెడ్మాస్టరు ఆ పేపరు మీద సున్నా వేసి, "జిమ్మేదారీ మీదే మేడం, ఏమన్నైతే మీరే జవాబు చెప్పాలె," అన్నారు.

సమస్య తీరిందనుకున్నాను. మర్నాడు క్లాసులో ఎప్పుడూ ముందుండే అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"నేను పొద్దుగాల లేచి చదివి రాసిన మేడం. నన్నెప్పుడన్న సాయంత్రం కూసోబెట్టి చెప్పిండ్రా? కాపీ కొట్టినామెకు చెప్తుండ్రు. ఇదేం న్యాయం?"

తప్పు చేసిన పిల్లకు ఎంత శిక్ష వేయాలన్నదే మేం చర్చించుకున్నాం. చేయని పిల్ల సంగతి మాకెవరికీ తట్టలేదు. "నువ్వూ రామ్మా," అన్నాను.

వచ్చింది. ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చునేవారు. కొన్నాళ్ళ తర్వాత ఒకరోజు, కాపీ కొట్టిన పిల్ల, "రిఫ్రాక్షన్ అంటే ఏంది మేడం?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, "గ్లాసు నీళ్ళల్ల చెంచా వంకరగ కనిపిస్తది చూడు, గదే," అంది రెండో అమ్మాయి, పుస్తకంలోంచి తలెత్తకుండానే. అంతకుమించి వాళ్ళ మధ్య స్నేహమేం కుదరలేదు.

ఫలితాలొచ్చిన రోజు, సున్నా పడిన పిల్ల ఫోన్ పట్టుకుని వచ్చింది. సైన్సులో అత్తెసరు మార్కులు.

"తక్కువొచ్చినయ్ మేడం. గని చూసి రాయలే."

"తెలుసమ్మా," అన్నాను.