పీసా గోపురం మీద పట్టుకున్న చెయ్యి

ఎనభైల మొదట్లో సంగతి. మా దొరల గడి, భూములు పోయాక నేను అబుదాబిలోని రువైస్‌లో స్టోర్‌కీపర్‌గా చేరాను. మా ఊరి రాజన్న అక్కడే ఫిట్టర్. పంపుల పని, విడిభాగాల లెక్క నేర్చుకు రమ్మని కంపెనీ మా ఇద్దరినీ ఇటలీ పంపింది. ఒక ఆదివారం పీసాలోని ఒరిగిన గోపురం చూడబోయాం.

అది చర్చి గంటల గోపురమని తెలిసి కిందనే బూట్లు విప్పాను. దేవుడి చోట చెప్పులతో తిరగడం మా వంశంలో లేదు.

"ఇక్కడ ఎవలూ ఇడుస్తలేరు దొరా. రాయి నున్నగున్నది" అన్నాడు రాజన్న.

"నువ్వు నాకు చెప్పకు" అన్నాను.

పైకెక్కాం. అప్పట్లో గోపురం చుట్టూ ఉన్న వసారాలకు అడ్డుకమ్మీలు లేవు. ఒరిగిన వైపుకు రాగానే మేజోళ్లు పాలరాతి మీద జారాయి. స్తంభాల మధ్య నుంచి నా కాళ్లు బయట గాలిలో వేలాడాయి. రాజన్న బోర్లా పడి నా బెల్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి" అన్నాను.

అతని తండ్రి మా నాన్న ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడేవాడు. ఆ ఇంటి చెయ్యి నా మీద పడటం అదే మొదలు.

"తీస్తే పోతరు దొరా. ముందుగాల లోపటికి రాండ్రి, తర్వాత తిడుదురు గని" అన్నాడు మెల్లగా.

నన్ను లాగి గోడకు ఆనించాడు. మెట్లన్నీ దిగేదాకా నేనే అతని భుజం వదల్లేదు.

రువైస్ క్యాంపులో అతడు ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. కృతజ్ఞత చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ప్రాణం పోతున్న క్షణాన నా నోట 'చెయ్యి తియ్యి' అన్న మాటే ఎందుకు వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు స్థిమితపడదు.