చొక్కా వాసన

అద్దకం మిల్లు వెనక, మురికినీళ్ళు శుద్ధి చేసే తొట్ల దగ్గర పనిచేసే పెద్దాయన్ని అందరూ తొట్టి మామ అనేవారు. బట్టలకు రంగులేసిన నీళ్ళన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నడిమి తొట్టిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ మురికిని తినేవి, బ్లోయరు వాటికి ఊపిరాడేలా గాలి కొట్టేది. వాటిని మామ "నా మంద" అనేవాడు. "కోట్ల పశువులున్న ఆసామిని నేను. ఒక్కదానికీ తోక లేదు కాబట్టి ఏ దొంగా పట్టుకుపోలేడు" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు.

చెప్పనిది ఒకటుంది. ఆయనకు వాసన తెలియదు. రసాయనాల మధ్య ఏళ్ళ తరబడి బతికాక ముక్కు ముఖానికి అలంకారంగా మిగిలింది. గాలి తక్కువై మంద చావడం మొదలుపెడితే, ముందుగా పట్టిచ్చేది వాసనే. నీళ్ళలో గాలి కొలిచే మీటరొకటి ఉంది గానీ, బ్లోయరు నడిచినా ఆగినా అది చూపించేది ఒకటే అంకె.

మరి ఇన్నేళ్ళూ పని ఎలా నెట్టుకొచ్చాడంటే, భార్య ముక్కుతో. సాయంత్రం ఇల్లు చేరగానే ఆవిడ గుమ్మంలోనే చొక్కా విప్పించి ముఖానికి ఆనించుకునేది.

"తడి మట్టి వాసనయ్యా. నీ మంద చల్లగా ఉంది, కాళ్ళు కడుక్కుని రా."

ఇంకో రోజు, "కుళ్ళిన గుడ్డు. ముందు పోయి గాలి పెంచిరా, టీ వచ్చాక తాగుదువు."

మామ అదే చొక్కా తొడుక్కుని వచ్చిన దారినే వెనక్కి పోయేవాడు. మిల్లు గేటు ఎలా ఉంటుందో కూడా తెలియని ఆవిడ, ఇంటి గుమ్మంలో నిలబడి ఆ తొట్లన్నీ నడిపింది. పక్క వీధిలో పాలు విరిగితే ఇక్కడ కిటికీ మూసే మనిషి. ఆవిడకి పడిశం పట్టినప్పుడల్లా, తొట్ల నీళ్ళు పోయి కలిసే కాలువలో చేపలు కూడా బిక్కుబిక్కుమంటూ ఉండేవని మామ నమ్మకం.

వానాకాలం మొదట్లో ఆవిడ పోయింది.

మామకు ఏడుపు రాలేదు. చెల్లెలు వచ్చి భుజాలు పట్టుకుని ఊపింది. "ఏడువు అన్నయ్యా, లోపల పెట్టుకోకు."

"లోపలేం లేదే" అన్నాడు. నిజంగానే వెతికి చూసి చెప్పిన మాట అది.

తోడుండటానికి వచ్చిన కూతురు అమ్మ శాలువాలో ముఖం దాచుకుని, "ఇంకా అమ్మ వాసనే వస్తోంది నాన్నా" అని వెక్కివెక్కి ఏడ్చింది. మామ కూడా అందుకుని ఆనించుకున్నాడు. ఉన్ని గుచ్చుకుంది, అంతే. మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు.

మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. సాయంత్రం చొక్కా తానే విప్పి బకెట్లో నానబెట్టుకునేవాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి అంతా బాగానే ఉందనుకున్నాడు.

శుద్ధిచేసిన నీళ్ళను కాలువలోకి వదలాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ అనుమతికి గడువు దగ్గరపడింది. నీళ్ళు షరతుల్లో రాసిన హద్దులు దాటితే పొడిగింపు ఉండదు, మిల్లుకి తాళమే. ఒక పొద్దున కాలుష్య నియంత్రణ ఆఫీసరమ్మ వచ్చింది. మెట్ల దగ్గరే ఆవిడా, వెంట ఉన్న మేనేజరూ రుమాళ్ళు తీసి ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. తొట్టి గట్టు మీద మామ కాళ్ళు వేలాడేసి, బిస్కెట్టు టీలో ముంచుకు తింటున్నాడు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. రోజుకో రంగు చూసేవాడికి నలుపు వింత కాదు.

"ఇక్కడ కూర్చుని ఎలా తింటున్నావయ్యా?" అందావిడ.

"బాగానే ఉందమ్మా, కాస్త మెత్తబడింది."

"మామా, నీకు కంపు రావట్లేదా?" మేనేజరు గొంతు మారింది.

"ఏం కంపు సార్?"

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళు పరీక్షలో తప్పాయి. నెల గడువిచ్చారు. ఆఖరున ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చి నీళ్ళు పట్టుకెళ్తుంది.

"కాస్త బోరు నీళ్ళు కలిపేస్తే?" అన్నాడు మేనేజరు.

"కలపకూడదని షరతు సార్. పైగా బోరుకి సీలు వేసి మరీ పోయింది. మీ ముఖం చూసే అయ్యుంటుంది."

"వెటకారానికేం తక్కువ లేదు! ఈసారి తప్పితే ముందు నువ్వు పోతావు, తర్వాతే మిల్లు."

మామకు చీమ కుట్టినట్లయినా లేదు. గాలి గొట్టాలు విప్పించి పూడిక తీయించాడు. చచ్చిన బురద తోడించి, పక్క మిల్లు నుంచి బతికున్న మందతో మంచి బురద ట్యాంకరులో తెప్పించి పోయించాడు. కొత్త మీటరు గడువు దాటాక గానీ రాదట. కొత్త మంద బతికిందో లేదో తెలిసే దారి లేదు.

ఆ సాయంత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపలికి రా నాన్నా, అక్కడే నిలబడ్డావేం?"

చొక్కా విప్పి చాచాడు. "వాసన చూడు."

"ఛీ, నాన్నా!"

"మీ అమ్మ చూసేది."

కూతురు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "కంపు."

"ఏ కంపు?"

"కంపు కంపే కదా!"

"కాదు. కుళ్ళిన గుడ్డా, తడి మట్టా?"

"గుడ్డు. ఒకటి కాదు, బుట్టెడు."

మామ చొక్కా తొడుక్కుని వెనుదిరిగాడు. మర్నాడు ఆ పిల్ల ముఖం చిట్లించింది. "గుడ్డు తగ్గింది. ఇప్పుడు పాత సాక్సు."

"అంటే ఏంటో నాకు తెలీదే. మీ అమ్మ సాక్సుల దాకా ఎప్పుడూ రాలేదు."

అయినా గాలి ఇంకాస్త పెంచాడు. గడువు ముగియబోతుండగా ఒక సాయంత్రం ఆమె చొక్కా మీద నుంచి ముఖం ఎత్తకుండానే అంది: "వాన పడ్డ పెరడు నాన్నా. ఉత్త మట్టి."

ఈసారి నీళ్ళు నెగ్గాయి. అనుమతి పొడిగించారు. మేనేజరు సంతోషం పట్టలేక భుజం తట్టాడు. భుజం మీద చెయ్యి పడినట్లు మాత్రం మామకు తెలిసింది.

ఇంటికొచ్చి చొక్కా ఇవ్వలేదు. బీరువా తీసి శాలువా తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది చూడు. ఏడవకుండా చెప్పు, గుడ్డు, మట్టి అని చెప్పినట్టే."

ఆమె కళ్ళు మూసుకుంది. "సబ్బు. తలనూనె." అంచు దగ్గర ఆగింది, మళ్ళీ చూసింది. "అమ్మ నీ చొక్కా పట్టుకున్న చేతులు ఇక్కడ తుడుచుకునేదేమో నాన్నా. నీ చొక్కా వాసన. తడి మట్టి."

మామ గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇంకోసారి చూడమ్మా" అన్నాడు.