ఊపిన రక్తం సీసా

మొన్న మంగళవారం ఉదయం ఏడుంబావుకు ఇంటికొచ్చి నా రక్తం తీసుకుపోయిన అమ్మాయి సాయంత్రం నాలుగు కాకముందే రిపోర్టు ఫోనుకు పంపింది. అందులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్న వరుస దగ్గర నా చూపు ఆగిపోయింది. అంకె మామూలుగానే ఉంది, కానీ నాకు మాత్రం అరవయ్యేళ్ల నాటి కోపం మళ్లీ వచ్చింది.

1964 వేసవిలో మేం మంథనిలో ఉన్నాం. అంతకు రెండేళ్ల ముందు మా అమ్మకు, మేం అవ్వ అనేవాళ్లం, రొమ్ములో కేన్సరు గడ్డను కోసి తీసేశారు. ఆ ఏడు నడుము, తొడ ఒకటే నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. జబ్బు ఎముకలకు పాకితే రక్తంలో ఈ పదార్థం పెరగవచ్చని, అది తేలితే వెంటనే కిరణాల వైద్యానికి పంపుతానని చెప్పి, మా ఊరి డాక్టరు రక్తం తీసి సీసాను మా నాన్న తమ్ముడు చిన్నబాపు చేతిలో పెట్టాడు.

పెద్దపల్లి దాకా బస్సు, అక్కడినుంచి హైదరాబాదుకు రైలు. కాంపౌండరు ఇచ్చే మందునీళ్లను ఊపి తాగడమే తెలిసిన మా చిన్నబాపు, రక్తం గడ్డ కడుతుందేమోనని ప్రతి స్టేషనులో ఆ సీసాను ఊపాడు. కణాలు చితికి అంతా ఎర్రనీళ్లయింది. "రక్తం తెచ్చినవా, మజ్జిగ చిలికినవా?" అని పరీక్ష చేసేవాళ్లు వెనక్కి పంపారు. "నిద్రగూడ పోలే బిడ్డా, గంత జాగర్తగ వట్టుకపోయిన," అన్నాడు తిరిగొచ్చి.

మళ్లీ తీయిద్దామంటే డాక్టరు చెల్లెలి పెళ్లికని ఊరెళ్లాడు. పదకొండు రోజులు. వాతమే అయి ఉంటుందని ఆ పదకొండు రోజులూ నూనె రాసి, పొద్దున సాయంత్రం అవ్వను వాకిట్లో నడిపించింది నేనే. "నా నడుం నీకు పెడితే తెలుస్తది," అనేది నవ్వుతూనే. రెండోసారి తీసిన రక్తం హైదరాబాదు చేరిన రోజే, పీట మీదినుంచి లేవబోతుంటే, కింద పడకుండానే ఆమె తొడ ఎముక విరిగింది. అంకె బాగా పెరిగిందని నాలుగో రోజు కబురొచ్చింది. అవ్వ మరి లేచి నడవలేదు.

ముందే తెలిసినా ప్రాణం దక్కేది కాదని డాక్టరు అన్నాడు. కావచ్చు, ఆ కాలు మాత్రం ఇంకొన్నాళ్లు దక్కేదేమో. ఇప్పటి పిల్లలు డాక్టరును కూర్చోబెట్టి పది ప్రశ్నలడుగుతారు. మాకు "సరే సార్" ఒక్కటే వచ్చేది. చిన్నబాపును చచ్చేదాకా తిట్టుకున్నాను గానీ, దీన్ని ఎట్లా పట్టుకుపోవాలె సార్ అని అడగవలసిన ఆ డాక్టరు గదిలో, సీసాకు రెండు మూరల దూరంలో, పదో తరగతి చదివిన నేనూ నిలబడి ఉన్నాను.